పాత బుల్‌డోజర్‌లో గేర్‌బాక్స్ నూనె వేడెక్కుతుంటే

కడప జిల్లాలో ఎర్రగుంట్ల చుట్టుపక్కల నాపరాయి గనుల్లో టార్క్ కన్వర్టర్ (ఇంజన్ శక్తిని నూనె ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) ఉన్న పాత బుల్‌డోజర్లు నడుపుతున్నవారికి ఈ మాట ఉపయోగపడుతుందని రాస్తున్నాను. నూనె ఉష్ణోగ్రత ముల్లు ఎర్రగీత చేరగానే చాలామంది గేర్‌బాక్స్ విప్పించడానికి సిద్ధపడతారు, అది తొందరపాటు. ఇంజన్‌ను వెంటనే ఆపేయకుండా, గేరును న్యూట్రల్‌లో ఉంచి లోడు లేకుండా తిరగనిస్తే నూనె, దాన్ని చల్లార్చే కూలర్ గుండా పారి చల్లబడుతుంది.

తరువాత నూనె మట్టం చూడాలి. తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది, ఎక్కువైతే నూనె నురగకట్టి వేడెక్కుతుంది, కాబట్టి రెండూ ప్రమాదమే. మా ప్రాంతపు సున్నపురాయి దుమ్ము, కారిన నూనెతో కలిసి రేడియేటర్, కూలర్ రెక్కల మధ్య సిమెంటులా గట్టిపడుతుంది. ఫ్యాన్ గాలి వీచే దిశకు ఎదురు దిశ నుంచి తక్కువ ఒత్తిడితో కడిగితేనే అది వదులుతుంది. కూలర్‌కు వెళ్లే గొట్టం, తిరిగి వచ్చే గొట్టం దాదాపు ఒకే వేడితో ఉంటే కూలర్ పని చేయడం లేదని అనుమానించాలి. పంపు నూనె పీల్చే చోట ఉండే సక్షన్ జల్లెడను విప్పినప్పుడు అయస్కాంతానికి సన్నని నల్లటి ముద్ద అంటితే భయం లేదు గాని, క్లచ్ ప్లేట్ల పొరలు, ఇత్తడి రంగు రేకులు కనిపిస్తే క్లచ్ జారుతున్నట్లే, అప్పుడు మాత్రం మెకానిక్‌ను పిలవక తప్పదు.

బ్లేడు నిండా రాయి ఉన్నప్పుడు రెండో గేరులో తోయకండి. ట్రాక్ కదలక ఇంజన్ మాత్రమే గర్జిస్తుంటే ఆ శక్తి మొత్తం కన్వర్టర్‌లో వేడిగా మారుతుంది.