పాత గుడికి సిమెంటు బస్తా దించే ముందు ఒక్కసారి ఇది చూడండి

సమస్య: చందాలు వేసుకుని బాగుచేయించిన ఇసుకరాయి గోడ మీద తెల్లగా ఉప్పు పూస్తోంది, గోరుతో గీకితే రాయి పొడిపొడిగా రాలుతోంది.

కారణం: చాలాచోట్ల సిమెంటే. రాళ్ల సందుల్లోని పాత డంగు సున్నం (ఇసుకతో కలిపి నూరిన సున్నపు గార) తేమను పీల్చి మెల్లగా బయటికి వదిలేస్తుంది, దాని మీద సిమెంటు మెత్తితే ఆ తేమ రాయిలోంచే దారి వెతుక్కుంటుంది, పోతూ పోతూ ఉప్పును రాయి పైపొరలో వదిలిపోతుంది, ఆ ఉప్పు గట్టిపడి పొరను లేపేస్తుంది. మా ఊరి శివాలయానికి మేమే చేశాం ఈ ఘనకార్యం, చందా పుస్తకం రాసింది నేనే. రెండు వానాకాలాలు తిరిగేసరికి ద్వారబంధం మీద చెక్కిన లతల్లో ఆకేదో తీగేదో తెలియకుండా పోయింది.

పరిష్కారం: ముందు నీళ్లు ఎటునుంచి వస్తున్నాయో పట్టుకోండి. గుడి వెనక తూము ఉండేదని మాకు చెప్పింది ఇంజనీరు కాదు, పక్కింటి ముసలమ్మ. తవ్వితే రెండడుగుల లోతులో దొరికింది, నిండా మట్టే. ఆ తర్వాత సిమెంటును ఉలితో నిదానంగా తీయించి (డ్రిల్లు వద్దు), బాగా నానిన సున్నం, ఇసుక, బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు కలిపి నూరించి సందులు నింపించాలి. పాళ్లు ఈ పని చేసిన పాత మేస్త్రీని అడగండి. గుడి పురావస్తు శాఖ రక్షణలో ఉంటే మాత్రం అనుమతి లేకుండా చెయ్యి పెట్టొద్దు.

సమస్య: శాసనం చదవడానికి రావట్లేదు.

కారణం: ఏటేటా కొట్టిన వెల్ల, ఎనామిల్ పెయింటు. ఇసుక చిమ్మే మిషనుతో శుభ్రం చేయించి ఉంటే అక్షరాలే అరిగిపోయి ఉంటాయి, దానికిక మందు లేదు.

పరిష్కారం: చీకటి పడ్డాక టార్చిలైటు పక్కనుంచి వాలుగా వేసి ఫోన్‌తో ఫోటో తీయండి, గాడుల్లో నీడ పడి అక్షరం లేస్తుంది. సుద్ద, పసుపు రాయకండి.

సమస్య: మండపం విప్పాం, ఏ రాయి ఎక్కడిదో తెలియట్లేదు.

కారణం: నంబర్లు సుద్దతో రాశారు, ఒక్క వానకు పోయాయి.

పరిష్కారం: హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని 2006లో విప్పితే మళ్లీ తెరిచింది 2024 మార్చిలో, మీ పనీ అలా సాగొచ్చు, కాబట్టి చెరగని నంబర్లు వేసి, విప్పకముందే ప్రతి వైపూ కొలబద్ద పెట్టి ఫోటోలు తీయండి. ఆ పని ఇప్పటికే చేజారిపోయిందా, అయితే ఊళ్లో పెళ్లి ఆల్బములు అడగండి. గుళ్లో పెళ్లిళ్లయిన ఊరు కదా, మా మండపం దూలం ఎటు తిరిగి ఉండాలో ఓ పెళ్లికొడుకు తలపాగా వెనకాలే కనిపించింది.