గుడ్డు లెక్క – 4వ పాఠం: పెట్ట ఖర్చు ఎక్కడికి పోయింది?

ఈ వారం గుడ్డు ధర గురించి చెబుదామనుకున్నాను. పోయిన పాఠం లెక్కకు మీరు పంపిన జవాబులు చూశాక దాన్ని పక్కన పెట్టేశాను. పదివేల పిల్లలతో మొదలైన షెడ్డులో ఒక్కో గుడ్డు ఎంతకు పడుతుందో కట్టమంటే, నాలుగు రూపాయల ఇరవై రెండు పైసల నుంచి ఆరు రూపాయల పైదాకా వచ్చాయి. దాణా దగ్గర దాదాపు ఎవరూ తప్పలేదు. కూలీ, కరెంటు, మందులు కూడా సరిగానే వేశారు. చాలామంది పడింది ఒకే గోతిలో, పెట్ట ఖర్చులో. కాబట్టి ఈ పాఠమంతా పెట్ట ఖర్చే.

అంకెలు మరోసారి. ఇవి లెక్క నేర్చుకోవడానికి నేను వేసుకున్నవి, ఈ రోజు మార్కెట్ ధరలు కావు. పిల్ల 50 రూపాయలు. ఇరవై వారాల వయసు వచ్చేదాకా పిల్లకు 7 కిలోల దాణా, కిలో 28 చొప్పున 196. టీకాలు, మందులు, కూలీ, కరెంటు కలిపి 54. మొత్తం 300. పదివేల పిల్లలకు 30 లక్షలు. పెరిగేటప్పుడు 500 చనిపోయి, గుడ్లు పెట్టే వయసుకు 9,500 మిగిలాయి. 80 వారాలు వచ్చేసరికి ఇంకో 800 పోయి 8,700 ఉన్నాయి. వాటిని మాంసానికి 80 రూపాయల చొప్పున అమ్మేశాం. మధ్యలో 420 రోజులు, సగటున 9,100 పెట్టలు, రోజుకు నూటికి 85 గుడ్లు. అంటే సుమారు 32.5 లక్షల గుడ్లు.

దాణా సంగతి రెండు ముక్కల్లో తేల్చేద్దాం. పెట్ట రోజుకు 110 గ్రాములు తింటే, నూటికి 85 గుడ్లు వస్తే, గుడ్డుకు 129 గ్రాములు. 28 రూపాయల చొప్పున 3.62. నేనైతే ఇంత కూడా కట్టను, కిలో దాణా ధరను 0.13తో కొడతాను. దాణా కిలోకు రూపాయి పెరిగితే గుడ్డుకు 13 పైసలు పెరిగినట్టే. దాణాలో మొక్కజొన్న సగానికి కాస్త పైనే ఉంటుంది కాబట్టి, మొక్కజొన్న క్వింటాలుకు వంద పెరిగితే గుడ్డుకు ఏడు పైసలు. తెనాలి, దుగ్గిరాల వైపు వరి కోశాక వేసే మొక్కజొన్న మార్కెట్‌కు వచ్చే రోజుల్లో ఈ ఏడు పైసల లెక్క నోటికి వచ్చి ఉండాలి. నూకలు, తవుడు, సోయా, రాతిపొడి పాళ్లు మీకు తెలిసినవే, వాటి జోలికి వెళ్లను.

ఇక గొయ్యి దగ్గరికి వద్దాం. అందులో పడ్డవాళ్లు మూడు రకాలు.

మొదటి రకం వాళ్లు పిల్ల ధర 50 మాత్రమే వేశారు. 5 లక్షలను 32.5 లక్షల గుడ్లకు పంచితే 15 పైసలు. దాణా 3.62, గుడ్లు పెట్టే కాలంలో కూలీ, కరెంటు, మందుల్లాంటి మిగతా ఖర్చులు గుడ్డుకు 45 పైసలు కలిపితే 4.22. అందరిలోకీ తక్కువ జవాబు ఇదే, అందరికీ నచ్చిన జవాబూ ఇదే! నూజివీడు వైపు నుంచి ఒక అన్నగారు రాశారు: “పిల్ల కొన్నప్పుడే డబ్బు కట్టేశాను, పెంచినప్పుడు తిన్న దాణా అప్పుడే అయిపోయింది. ఇప్పుడు గుడ్డు మీద దాన్ని మళ్లీ ఎందుకు వేస్తారు?” అన్నగారూ, ఆ ఇరవై వారాల్లో ఒక్క గుడ్డు కూడా అమ్మలేదు కదా? మరి ఆ దాణా డబ్బు ఎవరివ్వాలి? తర్వాత వచ్చే గుడ్లే ఇవ్వాలి. అవి ఇవ్వకపోతే తర్వాతి బ్యాచ్ పిల్లల్ని తేవడానికి మళ్లీ బ్యాంకుకే వెళ్లాలి.

రెండో రకం వాళ్లు 30 లక్షలనూ గుడ్లు మొదలైన మొదటి ఆరు నెలల మీదే రుద్దేశారు. వీళ్లకే గుడ్డు ఆరు రూపాయలు దాటింది. ఆరు నెలలు ఘోరమైన నష్టం, ఆ తర్వాత పట్టరాని లాభం. పెట్ట అదే, దాణా అదే, మారిందల్లా కాగితం ఒక్కటే.

మూడో రకం నన్ను నిజంగా చిరాకు పెట్టింది. గుంటూరు నుంచి బీకాం చదివే ఒకబ్బాయి పెట్టల మీద ఏటా 15 శాతం తరుగుదల వేశాడు, ఆదాయపు పన్నులో యంత్రాలకు వేసినట్టు. తమ్ముడూ, ఇలా వేస్తే మొదటి ఏడాది నాలుగున్నర లక్షలు తగ్గి ఇంకా 25.5 లక్షల ‘యంత్రం’ నీ పుస్తకాల్లో ఉంటుంది. షెడ్డులోకి వెళ్లి చూస్తే పెట్టలు ముసలివై, రెండో ఏడాది సగానికి రాకముందే లారీ ఎక్కేస్తాయి. తరుగుదల వేయడం తప్పు కాదు, ఎన్నాళ్లకు వేయాలో చూడకపోవడమే తప్పు. పట్టికలో ఉంది కదా అని ఏ శాతం పడితే ఆ శాతం తెచ్చి పెట్ట మెడకు కట్టకండి.

సరైన దారి ఇది. పెట్ట గుడ్డు పెట్టే వయసు వచ్చేదాకా దాని మీద పెట్టిన ప్రతి రూపాయినీ ఖర్చు అనకుండా ఒక చోట పోగు చేయండి. పిల్ల, దాణా, టీకా, కూలీ, దారిలో చచ్చిన 500 పిల్లల మీద పెట్టింది కూడా. అది 30 లక్షలు. చివర్లో మాంసానికి అమ్మితే వచ్చేది 8,700 ఇంటూ 80, అంటే 6.96 లక్షలు. దాన్ని తీసేస్తే సుమారు 23 లక్షలు. ఈ 23 లక్షలు 32.5 లక్షల గుడ్ల మీద కరగాలి. గుడ్డుకు 71 పైసలు. ఇప్పుడు 3.62, 0.71, 0.45 కలిపితే 4.78.

15 పైసలకూ 71 పైసలకూ తేడా 56 పైసలు. 32.5 లక్షల గుడ్లకు 18 లక్షల పైమాటే. ఒక్క షెడ్డులో, ఒక్క బ్యాచ్‌లో. నాలుగున్నరకు గుడ్డు అమ్మి ఇరవై ఎనిమిది పైసలు మిగిలాయనుకునే మనిషి నిజానికి గుడ్డుకు ఇరవై ఎనిమిది పైసలు పోగొట్టుకుంటున్నాడు. బ్యాచ్ అయిపోయేదాకా ఆ సంగతి తెలియదు, ఎందుకంటే రోజూ చేతికి డబ్బు వస్తూనే ఉంటుంది.

చచ్చిన పెట్టల గురించి కూడా చెప్పాలి, అక్కడా చాలామంది తడబడ్డారు. 9,500 పెట్టల మీద 30 లక్షలంటే పెట్టకు సుమారు 316. చివరికి వచ్చే 80 తీసేస్తే 236, అరవై వారాల మీద వారానికి 3.93. నలభయ్యో వారంలో, అంటే గుడ్లు మొదలైన ఇరవై వారాలకు, పుస్తకాల్లో దాని విలువ 237. మే నెలలో ఎండకు ఒక్క మధ్యాహ్నం 200 పెట్టలు వాలిపోయాయనుకోండి. రైతు నోట వచ్చే మాట: “రెండొందల కోళ్లు, ఎనభై చొప్పున పదహారు వేలు పోయాయి.” పదహారు వేలు కాదు, 47,400. ఆ నెల ఖర్చులోకి అదంతా రావాలి.

అయితే గుడ్డుకు 71 పైసలు అని నేను కట్టినప్పుడు చావులు అందులో ముందే వచ్చేశాయి. బతికినవి పెట్టిన గుడ్లనే లెక్కేశాం, చివర్లో 8,700కే డబ్బు వేశాం. దాని పైన మళ్లీ చావుల నష్టం కలిపితే ఒకే దెబ్బ రెండుసార్లు కొట్టినట్టు. పెట్టకు వారానికి ఇంత అని కరిగించే వారాల దారిలో వెళితే చావులు విడిగా వేయాలి, గుడ్డుకు ఇంత అని కరిగించే గుడ్ల దారిలో వెళితే వేయకూడదు. రెండూ చివరికి 23 లక్షల దగ్గరే కలుస్తాయి, కట్టి చూసుకోండి. నాకు గుడ్ల దారే ఇష్టం. ఇరవై ఎనిమిదో వారంలో నూటికి తొంభై ఐదు పెట్టే పెట్టకూ, డెబ్బై ఐదో వారంలో ఈడ్చుకొచ్చే పెట్టకూ ఒకే బరువు వేయడం నా మనసుకు ఒప్పదు.

ఇది చిన్న ఫారాల గొడవ మాత్రమే అనుకోకండి. మన వైపు ఫారాల లెక్కలు బీరువాల్లో ఉంటాయి కాబట్టి, అందరూ చదవగలిగే పుస్తకాలున్న కంపెనీని తీసుకుందాం. కాల్-మెయిన్ ఫుడ్స్, అమెరికాలో మిసిసిపీ రాష్ట్రంలోని రిడ్జ్‌లాండ్ కేంద్రంగా నడుస్తుంది. 1957లో మొదలైంది, 1996లో అక్కడి స్టాక్ మార్కెట్ నాస్‌డాక్‌లోకి వచ్చింది. గుడ్లు పెట్టే పెట్టలే నాలుగు కోట్లకు పైగా. ఆ దేశంలో గుడ్ల ఉత్పత్తిలో అదే పెద్దది. వాళ్ల వార్షిక నివేదికలో పెట్టల గురించి రాసుకున్న పద్ధతి వినండి: పిల్లలు, దాణా, కూలీ, పెంచి ఇచ్చేవాళ్లకు కట్టేది అంతా సుమారు 22 వారాలు పోగవుతుంది. తర్వాత అది పెట్ట పనికొచ్చే కాలం మీద, మామూలుగా ఏడాది నుంచి రెండేళ్ల మీద, ఖర్చుగా కరుగుతుంది. చచ్చినవి మాత్రం ఎప్పటికప్పుడు ఖర్చులోకి పోతాయి. మనం ఇప్పుడు కట్టిన వారాల దారి ఇదే! మన దేశంలో లిస్టయిన పెద్ద కంపెనీలకు ఇండ్ ఏఎస్ 41 అనే లెక్కల ప్రమాణం ప్రకారం వేరే దారి ఉంది, అది బతికున్న జీవాన్ని ఆ రోజు న్యాయమైన విలువకు చూపిస్తుంది. దాన్ని ఇందులో కలిపితే మీ తల తిరుగుతుంది, నా తల కూడా.

2024 ఏప్రిల్‌లో టెక్సాస్‌లోని పార్మర్ కౌంటీలో ఆ కంపెనీ ఫారంలో బర్డ్ ఫ్లూ వచ్చి సుమారు 16 లక్షల పెట్టలు, 3 లక్షల 37 వేల పెరుగుతున్న పెట్టలు పోయాయి. వార్త చదివినవాళ్లు 16 లక్షల దగ్గరే ఆగారు. మీరు ఆ రెండో అంకె చూడండి. ఆ మూడు లక్షల పైచిలుకు పెట్టలు ఒక్క గుడ్డు కూడా పెట్టలేదు, వాటి మీద పెట్టిన డబ్బులో ఒక్క పైసా కరగలేదు. పోయింది మొత్తం పోగు. అక్కడ వ్యాధి వచ్చిన మందను చంపేయాల్సి వస్తే ప్రభుత్వం పరిహారం ఇస్తుంది కాబట్టి దెబ్బ కొంత తగ్గుతుంది. ఎండకు పోతే అలాంటి పరిహారం వస్తుందని నమ్ముకోలేం.

ఈ పైసల్లో ఇంత పట్టింపు ఎందుకంటారా? అదే కంపెనీ 2021 సంవత్సరం చూడండి. అమ్మకాలు 134.9 కోట్ల డాలర్లు, లాభం ఇరవై లక్షల డాలర్ల చిల్లర. 2023లో అమ్మకాలు 314.6 కోట్లు, లాభం 75.8 కోట్లు. గుడ్లేమీ రెట్టింపు కాలేదు, డజన్లు 107 కోట్ల నుంచి 115 కోట్ల దాకా పెరిగాయంతే. డజను సగటు ధర మాత్రం 1.22 డాలర్ల నుంచి 2.62కు ఎక్కింది. డజనుకు దాణా 45 సెంట్ల నుంచి 68 సెంట్లకే పెరిగింది. ధర 140 సెంట్లు పెరిగితే దాణా 23 సెంట్లు తిన్నది. మిగిలినదాంట్లో పెద్ద ముక్క లాభంలోకే పోయింది. ఇక్కడ మనవాళ్లు జారే చోటొకటి ఉంది: వాళ్ల లెక్క మార్చి 31కి ముగియదు, మే 31కి దగ్గరి శనివారం ముగుస్తుంది. 2023 సంవత్సరంలో 53 వారాలున్నాయి.

కిందికి కూడా అంతే వేగం. 2015 బర్డ్ ఫ్లూ తర్వాత 2016లో 31.6 కోట్ల లాభం. అందరూ షెడ్లు నింపేశాక 2017లో 7.4 కోట్ల నష్టం. అందుకే ఆ కంపెనీ వాటాదార్లకు ఏటా ఇంత అని మాట ఇవ్వదు. మూడు నెలల లాభంలో మూడో వంతు ఇస్తుంది, నష్టం వస్తే ఆ నష్టం పూడేదాకా ఏమీ ఇవ్వదు. ధర బాగున్న ఏడాది కానూరులో ప్లాటు కొని, పడిన ఏడాది దాణా బాకీకి దాన్నే అమ్ముకునే మన పద్ధతి కంటే నాకిది బాగా నచ్చింది.

మన దగ్గర ధర నెక్ (నేషనల్ ఎగ్ కోఆర్డినేషన్ కమిటీ) ప్రకటిస్తుంది, వంద గుడ్లకు ఇంత అని. 1982లో బి.వి. రావుగారి నాయకత్వంలో రైతులు పెట్టుకున్న సంస్థ అది. విజయవాడకు విడిగా ఒక రేటు ఉంటుంది. అది సూచించే ధరే కానీ మీ చేతికొచ్చే ధర అని రాసి ఇచ్చిందేమీ కాదు. లెక్కలో మీ బిల్లు మీద పడ్డ ధరే వేయండి. మిగతాది వచ్చే వారం.

ఇంటి పని. ఈసారి ఒక్కటే, కానీ పొడుగ్గా ఉంటుంది. ఒక ఫారంలో మూడు షెడ్లు. మొదటిదాంట్లో 12 వారాల పిల్లలు 9,800 ఉన్నాయి, ఇప్పటిదాకా 17 లక్షలు పెట్టారు. రెండోదాంట్లో 32 వారాల పెట్టలు 9,400. మూడోదాంట్లో 78 వారాలవి 8,750. రెండు, మూడు షెడ్లకు పెంపకం ఖర్చు పైన చెప్పినట్టే: 30 లక్షలు, 9,500 పెట్టలు. గుడ్లు 20 నుంచి 40 వారాల దాకా నూటికి 90, 60 దాకా 87, 80 దాకా 78. మార్చి 31న బ్యాంకుకు పెట్టల విలువ ఎంతని రాసిస్తారు? వారాల దారిలో ఒకసారి, గుడ్ల దారిలో ఒకసారి కట్టండి. ఏప్రిల్‌లో మాంసానికి అమ్మే పెట్ట ధర 80 నుంచి 50కి పడింది. ఏ షెడ్డులో గుడ్డు మీద ఎన్ని పైసలు మారాయి? మే మొదటి వారంలో రెండో షెడ్డులో 300 పోయాయి. ఆ నెల ఖర్చు ఎంత? మొదటి షెడ్డు దగ్గర ఆగి ఆలోచించండి, అక్కడ పైసా కూడా కరగకూడదు. క్యాలిక్యులేటర్ వాడుకోండి, కానీ వేసిన మెట్లన్నీ కాగితం మీద రాసి పంపండి. జవాబు ఒక్కటే పంపితే దిద్దను.