పాత టీషర్టు నుంచి తెగని నూలు

సందర్శకులే చేయి వేసి అల్లే కళా ప్రదర్శన పెడుతుంటే నూలు కొనవద్దు. పాత టీషర్టును చంకల కింద అడ్డంగా కత్తిరించి, కింది కుట్టు తీసేయండి. ఒక పక్క రెండు అంగుళాలు కోయకుండా వదిలి, రెండో పక్క నుంచి రెండు పొరలూ కలిపి అడ్డంగా, అంగుళం వెడల్పున పట్టీలు కోయండి. వదిలిన భాగాన్ని విప్పి, ఒక కోత నుంచి ఎదుటి వైపు తర్వాతి కోతకు ఏటవాలుగా కత్తిరిస్తూ పోతే ముడి లేని ఒకే పోగు వస్తుంది. దాన్ని గట్టిగా లాగండి: అంచులు చుట్టుకుని గుండ్రటి నూలవుతుంది, చూడముచ్చటగా ఉంటుంది! నేత చీర పట్టీలు ఇలా చుట్టుకోవు, పురి పెట్టాల్సిందే.

నరసాపురం లేసు అల్లే సన్న సూది దీనికి చాలదు. పిల్లలకైతే వేళ్లే మేలు. వేలాడదీయడానికి కోనసీమ కొబ్బరి పీచు తాడు వాడండి, తేమకు త్వరగా చివకదు. అల్లిక కొసను ముడివేయకుండా వదిలితే తర్వాతివారు అక్కడి నుంచి అందుకుంటారు.