తోడు వేశాక గిన్నెలో ఏం జరుగుతుంది?

లీటరు పాలకు ఒక చిన్న చెంచా తోడు, అంటే సుమారు 5 గ్రాములు. తోడులోని బ్యాక్టీరియా పాలలో పడగానే 200 వంతులు పలచనైపోతుంది. మళ్లీ అంత చిక్కగా పెరగాలంటే ఏడెనిమిదిసార్లు రెట్టింపు కావాలి. ఒక్కో కణం కాస్త పొడుగు సాగుతుంది, డీఎన్ఏకి ఇంకో ప్రతి తయారుచేసుకుంటుంది, నడిమిన గోడ కట్టుకుని రెండవుతుంది. వెచ్చగా ఉంటే ఒక్కో రెట్టింపుకి అరగంట నుంచి గంట. పెరుగుకి ఐదారు గంటలు పట్టేది ఇందుకే.

మరి రెండు చెంచాలు వేస్తే? కలిసొచ్చేది ఒక్క రెట్టింపు సమయమే, పైగా తోడులోని పులుపూ వెంట వస్తుంది. తోడు పెంచేకంటే వేడి సరిచూసుకోవడం మేలు.

పాలు పొంగాక సన్నమంట మీద ఐదు నిమిషాలు మరగనిస్తే పోటీకొచ్చే క్రిములు చాలావరకు చస్తాయి. తర్వాత 40 డిగ్రీలకు చల్లారాలి. చిటికెనవేలు ముంచి పది లెక్కపెట్టేదాకా హాయిగా ఉంచగలిగితే చాలు. మరీ వేడిపాలలో వేస్తే తోడు చస్తుంది. తోడును చెంచాడు పాలలో చిదిపి, కలిపి, మూతపెట్టి, ఇక కదపకండి. చలికాలంలో గిన్నెకు మందపాటి తువ్వాలు చుట్టండి. ఫ్రిజ్‌లోని తోడైతే అరగంట ముందే బయటపెట్టండి, చల్లబడ్డ కణాలు తేరుకోవడానికి సమయం తీసుకుంటాయి.

పాలచక్కెర లాక్టిక్ ఆమ్లంగా మారుతుంటే పీహెచ్ (పులుపు పెరిగేకొద్దీ తగ్గే కొలత) 6.6 నుంచి దిగుతుంది. 4.6 దగ్గరికి వచ్చేసరికి కేసీన్ అనే ప్రొటీన్ గడ్డకడుతుంది. గిన్నె కొద్దిగా వంచి చూడండి: పెరుగు ఒకే ముద్దగా అంచు వదిలితే కుదిరినట్టే. వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి. అక్కడ బ్యాక్టీరియా చావదు, పెరుగుదల మాత్రం దాదాపు ఆగుతుంది. బయటే వదిలేస్తే ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. పుల్లబడి నీళ్లు తేలుతాయి.

పెరుగు తీగలు సాగితే జిగురు చేసే రకం బ్యాక్టీరియా బలపడిందన్నమాట, తోడు మార్చండి. మిరపకాయ తొడిమలతోనూ తోడుకుంటుంది గానీ, వాటి మీద ఏ రకాలున్నాయో తెలియదు కాబట్టి రుచి ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది.

అన్నీ సరిగ్గా చేసినా అసలు తోడుకోలేదా? పాలనే అనుమానించండి. పొదుగువాపుకి యాంటీబయాటిక్ వాడిన పశువు పాలలో మందు మిగిలి ఉంటే తోడు బ్యాక్టీరియా పెరగలేదు. అదే తోడును వేరే పాలలో వేసి చూస్తే తేలిపోతుంది.