తెర పేరు ఖాయం చేసుకునే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

తెలుగు చిత్రసీమలో పేరు మార్చుకోవడం కొత్త విషయం కాదు. కొణిదెల శివశంకర వరప్రసాద్ చిరంజీవిగా, భక్తవత్సలం నాయుడు మోహన్ బాబుగా, లలితారాణి జయప్రదగా ప్రేక్షకులకు పరిచయమయ్యారు. అయితే మొదటి చిత్రం టైటిళ్లలో పడిన పేరే జనం నోట నిలిచిపోతుంది కనుక, ఆ నిర్ణయం తొలి వేషం దొరికాక కాదు, ఆడిషన్లకు ఫొటోలు పంపే ముందే జరగాలి.

అనుకున్న పేరుతో ఇప్పటికే నటులెవరైనా ఉన్నారేమో తెలుగులోనే కాక తమిళ, కన్నడ, మలయాళ, హిందీ రంగాల్లోనూ వెతకండి. ఆంగ్ల అక్షరక్రమం ఒక్కటే నిర్ణయించుకుని సామాజిక మాధ్యమాలన్నింటిలో అదే వాడండి. సంఖ్యాశాస్త్రం కోసం అదనపు అక్షరాలు చేర్చడం మీ నమ్మకానికి సంబంధించినదే, కానీ చదివేవారు తడబడేలా ఉంటే నష్టం మీకే.

అన్నిటికన్నా ముఖ్యమైనది కాగితాల సంగతి. పారితోషికం పాన్ కార్డులో, బ్యాంకు ఖాతాలో ఉన్న పేరు మీదే వస్తుంది కాబట్టి, ఒప్పందంలో అసలు పేరు రాయించి, పక్కనే తెర పేరును పేర్కొని, టైటిళ్లలో ఏది వేయాలో స్పష్టంగా చేర్పించండి. సంతకం చేసిన ప్రతిని తప్పక దగ్గర ఉంచుకోండి.

అవకాశం ఇప్పిస్తామంటూ రిజిస్ట్రేషన్ రుసుము అడిగేవారికి పైసా కూడా ఇవ్వకండి. ఆడిషన్ ఎక్కడ, ఎవరితో జరుగుతుందో ఇంట్లో చెప్పి వెళ్లండి.