బానిసల దొంగచాటు చదువు గురించి పిల్లలకు చెప్పాలంటే

మా అపార్ట్‌మెంట్‌లో ఆదివారాలు పిల్లల్ని కూర్చోబెట్టి ఏదో ఒక కథ చెప్తుంటాను. అమెరికాలో బానిసగా పుట్టి, తర్వాత పేరొందిన రచయిత, వక్త అయిన ఫ్రెడరిక్ డగ్లస్ గురించి మొదటిసారి చెప్పినప్పుడు "అన్ని కష్టాల్లో ఆయన చదువుకున్నాడు, మీకేం లోటు?" అనే ధోరణిలో సాగదీశాను, అయిదు నిమిషాలకే అందరికీ ఆవలింతలు. తప్పు నాదే. రెండోసారి పద్ధతి మార్చాక విన్నారు. మీరూ చేసి చూడండి, ఆరు, ఏడు తరగతుల పిల్లలైతే మేలు, గంట చాలు.

సుద్దముక్క, ఖాళీ అట్టపెట్టె, నాలుగు బన్నులు, పిల్లలకు రాని భాషలో ఓ పది అక్షరాలు సిద్ధం చేసుకోండి. నేను తమిళం తీసుకున్నా.

ముందు చట్టంతో మొదలుపెట్టండి, పుట్టుపూర్వోత్తరాలతో కాదు. అమెరికాలోని నార్త్ కరోలినాలో 1830లో ఒక చట్టం చేశారు. బానిసకు చదవడం, రాయడం నేర్పిన తెల్లవాళ్లకు 100 నుంచి 200 డాలర్ల జరిమానా లేదా జైలు, ఒక బానిస ఇంకో బానిసకు నేర్పితే 39 కొరడా దెబ్బలు. లెక్కలు నేర్పితే మాత్రం ఫర్వాలేదట! ఎందుకు అని అడిగి ఊరుకోండి. జవాబు మీరు చెప్పేయొద్దు, చివర్లో అవసరం పడుతుంది. ఇంకో మాట, ఈ చట్టం అన్ని రాష్ట్రాల్లోనూ ఉందని పొరపాటున కూడా అనొద్దు. డగ్లస్ పెరిగిన మేరీలాండ్‌లో అలాంటి చట్టమే లేదు. అయినా ఆయన యజమాని హ్యూ ఆల్డ్ మాత్రం తన భార్య సోఫియా ఆ పిల్లాడికి ఏబీసీడీలు నేర్పుతుంటే "ఇది చట్టవిరుద్ధం" అని ఆపించేశాడు.

ఇక ఆట. డగ్లస్ ఉన్న మేరీలాండ్‌లోని రేవుపట్నం బాల్టిమోర్‌లో, ఓడల యార్డులో వడ్రంగులు దుంగను చెక్కాక అది ఓడలో ఏ భాగానికో దాని మీద అక్షరాలతో రాసేవాళ్లు. ఎడమ పక్కకైతే ఎల్, కుడి పక్కకైతే ఎస్, ముందుకైతే ఎఫ్, వెనక్కైతే ఏ (ఓడలవాళ్ల ఇంగ్లీషులో ఆ పక్కల పేర్ల మొదటి అక్షరాలు). డగ్లస్ రాయడం మొదలుపెట్టింది ఈ నాలుగింటితోనే. మీరు అట్టపెట్టె మీద నాలుగు తమిళ అక్షరాలు రాసి పిల్లలకు చూపించండి. మిగతా ఆరూ ఒక్క పిల్లకో పిల్లాడికో రహస్యంగా నేర్పి ఉంచండి. మిగతావాళ్లు ఆ ఆరూ అక్కణ్ణుంచి రాబట్టాలి. షరతు ఒక్కటే: "నేర్పవా" అని అడగకూడదు. డగ్లస్ ఏం చేసేవాడంటే, రాయడం వచ్చిన కుర్రాడు కనిపిస్తే "నీలాగే నాకూ వచ్చు" అనేవాడు. వాడు "నమ్మను, ఏదీ రాయి చూద్దాం" అంటే తనకొచ్చిన నాలుగూ రాసి చూపించి, "దీన్ని మించి నువ్వు రాయి" అని రెచ్చగొట్టేవాడు. వాడు పౌరుషానికి పోయి ఇంకొన్ని రాసేవాడు, ఈయన అవి చూసి నేర్చుకునేవాడు. పలక కంచె, గోడ, రోడ్డు. బలపం ఒక సుద్దగడ్డ. మా పిల్లలు పావుగంటలో ఆరక్షరాలూ లాగేశారు, ఒకమ్మాయి మాత్రం బన్ను లంచమిచ్చింది. అదీ డగ్లస్ పద్ధతే: పనిమీద బయటికెళ్లేటప్పుడు ఇంట్లోంచి రొట్టె తీసుకెళ్లి, ఆకలితో ఉన్న పేద తెల్లపిల్లలకిచ్చి పాఠం చెప్పించుకునేవాడు.

యజమాని, బానిస వేషాలు మాత్రం వేయించకండి. నవ్వులాటగా మారుతుంది, లేదంటే ఎవరో ఒక పిల్లాడు లోపల్లోపల నలిగిపోతాడు.

టైముంటే అమెరికాలోనే బానిసగా పుట్టిన సూసీ కింగ్ టేలర్ గురించి రెండు ముక్కలు చెప్పండి. జార్జియా రాష్ట్రంలోని సవాన్నా ఊళ్లో ఆ పాప పుస్తకాలకు కాగితం చుట్టుకుని రహస్య బడికి వెళ్లేది. పిల్లలంతా గుంపుగా కాకుండా ఒక్కొక్కరే లోపలికి వెళ్లేవాళ్లు.

ఇప్పుడు చట్టం ప్రశ్నకు రండి. బానిస ఊరు దాటాలంటే యజమాని సంతకంతో చీటీ ఉండాలి. రాయడం వస్తే ఆ చీటీ తనే రాసుకోవచ్చు! 1836లో డగ్లస్ తనకూ స్నేహితులకూ అలాంటి చీటీలు రాశాడు, పారిపోయేలోపే పట్టుబడ్డారు. తన చీటీని ఎవరూ చూడకుండా నిప్పుల్లో పడేశాడు. చేతులు కట్టేసి తీసుకెళ్తుంటే హెన్రీ అనే స్నేహితుడు "నా చీటీ ఏం చేయను?" అని అడిగాడు. "బిస్కెట్‌తో పాటు తినేయ్, ఏదీ ఒప్పుకోకు" అన్నాడు డగ్లస్. అక్కడ బిస్కెట్ అంటే మన చాయ్ బిస్కెట్ కాదు, చిన్న రొట్టె. ఇక్కడ ఆపి, మిగిలిన బన్నులు పంచండి. మా దగ్గర ఒకడు కాగితం ముక్క కూడా నమలబోయాడు, కాస్త చూసుకోండి.