హీట్ పంప్‌కి 7,500 పౌండ్ల గ్రాంట్: ఇంగ్లండ్, వేల్స్‌లో దరఖాస్తు విధానం

ఇంగ్లండ్‌లో గానీ వేల్స్‌లో గానీ సొంతిల్లు ఉండి, గ్యాస్ బాయిలర్ తీసేసి హీట్ పంప్ (బయటి గాలిలోంచో నేలలోంచో వేడి తీసుకుని ఇంట్లోకి తెచ్చే యంత్రం) పెట్టించుకునేవాళ్లకు బాయిలర్ అప్‌గ్రేడ్ స్కీమ్ కింద 7,500 పౌండ్లు వస్తాయి. 2022లో స్కీమ్ మొదలైనప్పుడు ఎయిర్ సోర్స్ పంపుకి, అంటే గాలి నుంచి వేడి తీసుకునేదానికి, 5,000 ఇచ్చేవాళ్లు, 2023 అక్టోబరు 23 నుంచి పెంచారు. మీ జీతం ఎంతని అడగరు. స్కీమ్ నడిపేది ఆఫ్‌జెమ్, అంటే గ్యాస్, కరెంటు కంపెనీలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ. దరఖాస్తు పెట్టేది మాత్రం మీరు కాదు, మీ ఇన్‌స్టాలర్, అంటే పంపు బిగించే సంస్థ. ఆఫ్‌జెమ్ సైట్‌లో ఫారం కోసం ఎంత వెతికినా ఇంటి ఓనర్లకు దొరకనిది ఇందుకే. మీరు జాగ్రత్త పడాల్సిందంతా దరఖాస్తుకు ముందే ఉంది. జనవరిలో ఇల్లు వెచ్చగా ఉంటుందా లేదా అన్నది కూడా అక్కడే తేలిపోతుంది.

ఎవరికి వస్తుంది

ఇల్లు మీదై ఉండాలి. అద్దెకిచ్చినా ఫర్వాలేదు. గ్యాస్, ఆయిల్, ఎల్పీజీ లేదా మామూలు కరెంటు హీటర్ల స్థానంలో పంపు రావాలి, ఇంటి వేడి, వేణ్ణీళ్లు రెండూ అదే చూసుకోవాలి. బాయిలర్ ఉంచుకుని పక్కన పంపు పెట్టుకునే హైబ్రిడ్‌కి గ్రాంట్ లేదు. సోషల్ హౌసింగ్‌కీ (కౌన్సిల్, హౌసింగ్ అసోసియేషన్ ఇళ్లు), బిల్డర్ ఇంకా కడుతున్న ఇళ్లకీ లేదు. ముందు లాఫ్ట్ (పైకప్పు కింది అటక), కేవిటీ వాల్ (మధ్యలో ఖాళీ ఉన్న జంట గోడ) ఇన్సులేషన్ చేయించి తీరాలన్న షరతును 2024 మేలో ఎత్తేశారు. షరతు పోయినా లాఫ్ట్ ఇన్సులేషన్ చేయించుకోవడమే లాభం అంటాను. నిబంధనలు తరచూ మారుతుంటాయి, సంతకం పెట్టే ముందు ప్రభుత్వ సైట్‌లో తాజా పేజీ ఒకసారి చూసుకోండి. లీజ్‌హోల్డ్ ఫ్లాట్ అయితే ఫ్రీహోల్డర్ (భవనం, స్థలం అసలు యజమాని) అనుమతి సంగతి మొదటే తేల్చుకోవాలి. స్కాట్లాండ్ పద్ధతి వేరు: అక్కడ హోమ్ ఎనర్జీ స్కాట్లాండ్‌కి ఓనరే దరఖాస్తు పెట్టుకోవాలి.

చలికి తట్టుకుంటుందా

అందరికీ ఉండే టెన్షన్ ఇదే. హైదరాబాద్‌లో స్ప్లిట్ ఏసీ గదిలోని వేడిని బయటికి తోస్తుంది, హీట్ పంప్ బయటి వేడిని లోపలికి తెస్తుంది. కొత్త పంపులు చాలావాటిలో ఉండే ఆర్290, అంటే ప్రొపేన్, మైనస్ 42 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. దాని లెక్కలో మైనస్ 5 గాలి కూడా వెచ్చనిదే. నార్వే, స్వీడన్‌లలో ఇవి ఇంటింటా కనిపిస్తాయి.

సున్నా చుట్టుపక్కల, తేమ ఎక్కువగా ఉన్న పొద్దుటిపూట బయటి యూనిట్ వెనక సన్నటి రేకుల మీద మంచు పేరుకుంటుంది. అప్పుడు పంపు కొన్ని నిమిషాలు తిరగేసి నడిచి ఆ మంచు కరిగించుకుంటుంది. తెల్లటి ఆవిరి లేస్తుంది, కింద నీళ్లు కారతాయి. చెడిపోయిందని కంగారు పడక్కర్లేదు. ఆ నీళ్లు మీరు నడిచే దారిలో గడ్డకడితే మాత్రం జారి పడతారు, అందుకని డ్రెయిన్ ఎటు పోతుందో సర్వే రోజే అడగండి.

సర్వే, కోటేషన్

ఎంసీఎస్ (హీట్ పంపుల వంటివి బిగించేవాళ్లకు ఇచ్చే నాణ్యతా గుర్తింపు) సర్టిఫికెట్ ఉన్న ఇన్‌స్టాలర్ల దగ్గర రెండుమూడు కోటేషన్లు తీసుకోండి. ఆ సర్టిఫికెట్ లేనివాళ్లు పెడితే గ్రాంట్ రాదు. మంచి ఇన్‌స్టాలర్ గది గదికీ తిరిగి కిటికీలు, గోడలు, రేడియేటర్లు కొలుస్తాడు. గట్టి చలి రోజున ఏ గది ఎంత వేడి పోగొట్టుకుంటుందో ఆ కాగితం మీకు చూపించాలి. ఫోన్లోనే 'మీకు 8 కిలోవాట్లు సరిపోతుందండీ' అనేవాళ్లతో బేరం వద్దు. రేడియేటర్లలోకి నీళ్లు ఎన్ని డిగ్రీలతో వెళ్తాయో కోటేషన్‌లో రాయించండి. 45 దగ్గర ఉంటే కరెంటు బిల్లు అదుపులో ఉంటుంది. 55 అంటే రేడియేటర్లు మార్చే ఖర్చు తప్పించుకుని, ఆ భారం ఏటా మీ బిల్లు మీద వేస్తున్నట్టే.

కాంబి బాయిలర్ (సిలిండర్ లేకుండా అప్పటికప్పుడు నీళ్లు కాచేది) ఉన్న ఇంట్లో వేణ్ణీళ్ల సిలిండర్‌కి కొత్తగా చోటు చూడాలి. పూజ సామానో బియ్యం బస్తానో ఉన్న అల్మరా ఖాళీ చేయాల్సి రావచ్చు. గ్యాస్ స్టవ్ ఉంచుకుంటే గ్యాస్ స్టాండింగ్ చార్జీ (వాడినా వాడకపోయినా పడే రోజువారీ రుసుము) రోజూ పడుతూనే ఉంటుంది. ఇండక్షన్‌కి మారి గ్యాస్ కనెక్షన్ తీసేస్తే ఆ ఖర్చు తప్పుతుంది. వంకాయ మంట మీద కాల్చి పచ్చడి చేసుకునే ఇంట్లో ఇది చిన్న నిర్ణయమేం కాదు, ఇంట్లో అందరూ ముందే మాట్లాడుకోండి.

దరఖాస్తు నడిచే తీరు

కోటేషన్ ఒప్పుకున్నాక ఇన్‌స్టాలర్ ఆఫ్‌జెమ్‌కి వోచర్ (గ్రాంట్ ఖాయం చేసే పత్రం) కోసం దరఖాస్తు పెడతాడు. మీరు ఇవ్వాల్సింది అడ్రసు, ఈమెయిల్, ఇప్పుడున్న హీటింగ్ వివరాలు. తర్వాత ఆఫ్‌జెమ్ నుంచి మీకు ఒక ఈమెయిల్ వస్తుంది: ఫలానా ఇన్‌స్టాలర్ మీ తరఫున దరఖాస్తు పెట్టాడు, మీకు సమ్మతమేనా అని. 14 రోజుల్లో జవాబివ్వాలి. స్పామ్ ఫోల్డర్ కూడా చూస్తుండండి, ఇది చూసుకోకపోతే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది.

వోచర్ ఇన్‌స్టాలర్ పేరున వస్తుంది. ఎయిర్ సోర్స్‌కి 3 నెలలు, నేల నుంచి వేడి తీసుకునే గ్రౌండ్ సోర్స్‌కి 6 నెలలు చెల్లుతుంది. డబ్బు మీ ఖాతాలో పడదు, బిల్లులో తగ్గిస్తారు. 13,000 పౌండ్ల కోటేషన్ అయితే మీరు కట్టేది 5,500. దరఖాస్తుకి మీరు ఆఫ్‌జెమ్‌కి కట్టాల్సిన ఫీజంటూ ఏదీ లేదు. గ్రాంట్ ఇప్పిస్తామని ముందే డబ్బు అడిగేవాళ్ల ఫోన్ పెట్టేయండి.

ఈలోగా ఇన్‌స్టాలర్ మీ ప్రాంతపు కరెంటు లైన్ల సంస్థకూ తెలియజేయాలి. పాత ఇళ్లలో పక్కింటితో కలిపి ఒకే లైన్ ఉంటే దాన్ని విడగొట్టడానికి టైమ్ పడుతుంది. మీటరు, మెయిన్ ఫ్యూజు ఫొటోలు మొదటి రోజే పంపేస్తే వోచర్ గడువు మీదికి రాకుండా ఉంటుంది. ఇంగ్లండ్‌లో యూనిట్ పొరుగువాళ్ల సరిహద్దుకి మీటరు దూరం ఉండాలన్న నియమాన్ని 2025 మేలో తీసేశారు. చప్పుడు లెక్క మాత్రం ఇప్పటికీ చూపాల్సిందే.

పని పూర్తయి పంపు ఆన్ చేశాక ఎంసీఎస్ సర్టిఫికెట్, బిల్డింగ్ రెగ్యులేషన్స్ సర్టిఫికెట్, వారంటీ కాగితాలు అడిగి తీసుకోండి. ఇల్లు అమ్మేటప్పుడు సొలిసిటర్ అడుగుతారు. ఆఫ్‌జెమ్ తనిఖీకి మనిషిని పంపినా ఇవే చూపించాలి.